నాలుగు తప్పుల ఉత్తరం

శనివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి అన్నపూర్ణేశ్వరి ఇందిరాపురంలోని ఆ ఫ్లాట్‌లో అడుగుపెట్టేసరికి, తనకంటే ముందే మరో డిటెక్టివ్ వచ్చి సోఫాలో కూర్చుని టీ తాగుతున్నాడు.

హేమసుందర్‌ని చూడగానే ఆమె ప్రాణం ఉసూరుమంది. హైదరాబాదు నుంచి వచ్చి నోయిడాలో అద్దాల ఆఫీసు పెట్టినవాడు. చేతికింద ఎనిమిదిమంది పనిచేస్తారు. ఆమెకున్నది ఆర్.కె. పురంలో ఒంటిగది ఆఫీసు. కేంద్ర ప్రభుత్వంలో ఇరవై మూడేళ్లు స్టెనోగ్రాఫరుగా చేసి, విచారణల్లో సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాసీ రాసీ, ప్రశ్నలు అడిగే అధికారులకంటే తనే బాగా అడగగలనని తోచి, ఉద్యోగం మధ్యలో వదిలేసి డిటెక్టివ్ అయిన మనిషి ఆవిడ.

"రండి మేడమ్. కేస్ క్లోజ్ అయిపోయింది. టీ తాగి వెళ్దురుగాని" అన్నాడు హేమసుందర్.

కిటికీ దగ్గర నిటారుగా నిలబడి ఉన్న పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. ఉదయం ఏడింటికి ఆమెకు ఫోన్ చేసింది ఆయనే. పేరు లింగయ్య. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యాడు.

"క్లోజు గీజు నాకు తెల్వది మేడమ్. నా బిడ్డ నిన్న బయటికి పోయింది. మళ్ల రాలె. గంతే నాకు తెలిసింది."

"ఎన్నింటికి వెళ్లింది లింగయ్యగారూ?"

"నాలుగున్నరకు. పరీక్ష పనుంది బాపూ, ఏడింటికల్ల వస్త అన్నది. ఏడుంబావుకు ఫోన్ జేసిన, ఎత్తలె. ఎనిమిదింటికి బందయింది. తెల్లారి ఆరుంబావుకు తలుపు తీస్తే గీ ఉత్తరం కింద పడున్నది."

అనూహ్యకు ఇరవై ఏడేళ్లు. స్కూల్లో ఇంగ్లీషు టీచరు. రేపు ఆదివారం పదింటికి జరగబోయే ఒక ఉద్యోగ నియామక పరీక్షకు, ఇంగ్లీషు ప్రశ్నల్లో తప్పులు చూసిపెట్టే పని ఒప్పుకుంది. మొన్న గురువారం ఆ పేపరు బయటికి పొక్కిందని గుసగుసలు మొదలయ్యాయి. ఎవరు పొక్కించారో తేల్చమని పరీక్ష జరిపే ప్రైవేటు సంస్థ హేమసుందర్‌ని పెట్టుకుంది.

"తేల్చేశాను. ఆ అమ్మాయే కాగితమ్మీద రాసిచ్చింది" అంటూ అతను ప్లాస్టిక్ కవరులో ఉన్న ఉత్తరాన్ని టేబులు మీదికి తోశాడు.

ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో, తొట్రుపాటు లేని దస్తూరీ. సారాంశం ఇదీ: నాన్నా, పరీక్షపేపరు బయటపెట్టింది నేనే. దొంగిలించాలని అనుకోలేదు. నా సిద్ధాంతాలకు విరుద్ధంగా నడుచుకున్నాను. నాకోసం ఎదురుచూడొద్దు. మనుషుల చూపులు భరించలేను. వెళ్లిపోవడమే సరైన పని.

అన్నపూర్ణేశ్వరి ఒకసారి చదివింది. రెండోసారి పెదవులు కదుపుతూ చదివింది. మూడోసారి కళ్లు మూసుకుని, విన్న మాటల్ని మనసులో రాసుకుంటున్నట్టుగా తలచుకుంది.

"అమ్మాయి మీకు ఉత్తరాలు ఇంగ్లీషులో రాస్తుందా?"

"నాకెప్పుడన్న ఇంగ్లీషుల రాసిందా? సరిహద్దుల ఉన్నప్పుడు గూడ తెలుగుల్నే రాసేది. 'బాపూ' అని మొదలువెట్టేది. గీ 'డియర్ ఫాదర్' ఏందో నాకు సమజ్ గాలె."

"ఆమె గది చూడొచ్చా?"

హేమసుందర్ గడియారం చూసుకుని, విసుగ్గా వెంట నడిచాడు.

చిన్న గది. గోడకి పిల్లల కోసం చేసిన పెద్ద అట్ట. ఒకేలా వినబడి, అర్థం వేరయ్యే ఇంగ్లీషు మాటలు జంటలు జంటలుగా రాసి, ఒక్కో మాట పక్కన రంగు పెన్సిళ్లతో బొమ్మ వేసింది. ఒకచోట పిల్లి మెట్లెక్కుతోంది, దాని పక్కనే ఇంకో పిల్లి గుడ్లప్పగించి చూస్తోంది. మెట్లు stairs, చూపులు stares. చెవికి రెండూ ఒకటే.

అన్నపూర్ణేశ్వరి ఆ పిల్లుల ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత బల్ల సొరుగు లాగింది.

పైనే నాలుగు పేజీల జిరాక్సు కాగితం ఉంది. బయట కోచింగుల్లో అమ్మే 'గెస్ పేపరు'. నలభై ఏడో ప్రశ్న చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా. కదలకుండా నిలిచిపోయిన కారుకి ఏ మాట వాడాలన్నది ప్రశ్న. stationary అని రావాలి. జవాబులో మాత్రం stationery అని అచ్చయింది. అంటే పెన్నులు, కాగితాలు. పక్కన అనూహ్య చేతిరాత: 'ఇది మొదటి ప్రూఫ్‌లో ఉన్న తప్పే. ఐదో తేదీన నేను దిద్దాను. మరి దిద్దని తప్పు వీళ్లకెలా వచ్చింది?'

"చూశారా హేమసుందర్‌గారూ? పేపరు పొక్కింది ఐదో తేదీకి ముందు. మొదటి ప్రూఫ్ నుంచి."

"సో వాట్? మొదటి ప్రూఫ్ ఆ అమ్మాయి చేతికీ వచ్చింది కదా."

"తనే అమ్ముకుని ఉంటే, ఎలా పొక్కిందని తనకి తనే ప్రశ్న రాసుకుంటుందా అండీ?"

అతను జవాబు చెప్పేలోపు కాలింగ్ బెల్ మోగింది. టైము తొమ్మిదీ యాభై.

వచ్చినాయన పేరు దేవవ్రత్ ఖురానా. ఒక ప్రైవేటు కాలేజీకి ప్రిన్సిపల్, ఈ ప్రశ్నపత్రం తయారుచేసిన కమిటీకి పెద్ద. పుట్టి పెరిగింది ఢిల్లీలోనే, తెలుగు ముక్క రాదు. లింగయ్య రెండు చేతులూ పట్టుకుని, "భాయీసాబ్, మా అమ్మాయి లాంటిది" అని హిందీలో గొంతు తగ్గించి ఓదార్చాడు.

అన్నపూర్ణేశ్వరి కుర్చీ చూపించింది. ప్రశ్నలు హిందీలోనే సాగాయి.

"నిన్న సాయంత్రం నాలుగున్నరకు ఎక్కడున్నారు సర్?"

"ఇంట్లో. ఎనిమిది దాకా కదల్లేదు."

"అనూహ్య మీకు ఫోన్ చేసిందా?"

"గురువారం చేసింది. ఏదో స్పెల్లింగ్ తప్పు గురించి. అది దిద్దేశాం కదా అన్నాను."

"మొదటి ప్రూఫ్ ఎంతమంది చూశారు?"

"ముగ్గురం. నేను, అనూహ్య, అక్షర. అక్షర కూడా ప్రశ్నలు సరిచూసే అమ్మాయే."

అక్షర పేరు వినగానే ఆమె తలెత్తింది. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో తమ పక్క బ్లాకు తెలుగువాళ్ల పిల్ల. రోజూ మెట్ల మీద 'నమస్తే ఆంటీ' అంటూ పరుగెడుతుంది.

"ఆ మూడు కాపీలూ ఇప్పుడెక్కడ ఉన్నాయి?"

"రెండు చించేశాం. అక్షర ఇంకా తిరిగివ్వలేదు."

"ఒక్క సాయం చెయ్యండి సర్. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఈ ఉత్తరం కాస్త పైకి చదివి పెడతారా?"

హేమసుందర్ ఆమెవైపు వింతగా చూశాడు. ఖురానా కళ్లజోడు సర్దుకుని గంభీరంగా మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు సాఫీగా నడిచాయి. 'సిద్ధాంతాలు' అన్న మాట దగ్గర గొంతు ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత గబగబా, తలెత్తకుండా చివరిదాకా చదివేశాడు. కవరుని బోర్లించి టేబులు మీద పెట్టాడు.

"చాలా బాధగా ఉంది. పాపం, తప్పు ఒప్పుకుంది. నాకు క్లాసు ఉంది, వస్తాను."

లిఫ్టు కోసం కూడా ఆగలేదు, మెట్లు దిగి వెళ్లిపోయాడు. పదీ పది.

తలుపు మూసీ మూయగానే అన్నపూర్ణేశ్వరి ఇటు తిరిగింది. "ఈ ఉత్తరంలో నాలుగు తప్పులున్నాయి హేమసుందర్‌గారూ. కాలేజీ ప్రిన్సిపలు వాటిని చూశాడు. చూసి కూడా ఒక్క మాట అనలేదు. ఎందుకంటారు?"

"ఏం తప్పులు?"

ఆమె వేలు ఒక్కో మాట మీద ఆగుతూ కదిలింది.

"దొంగిలించడం steal. రాసింది steel, ఉక్కు. ఎదురుచూడడం wait. రాసింది weight, బరువు. చూపులు stares. రాసింది stairs, మెట్లు. సిద్ధాంతాలు principles. రాసింది principals, కాలేజీ ప్రిన్సిపళ్లు."

హేమసుందర్ నవ్వేశాడు. "మేడమ్, మా ఆఫీసులో రోజూ ఇవే తప్పులు. ఏడుస్తూ రాసుంటుంది. కంగారులో చెయ్యి జారుతుంది. దీనికి ఇంత పెద్ద స్టోరీ ఎందుకు?"

"కంగారుపడిన చెయ్యి అన్నిచోట్లా జారుతుంది. ఇందులో ఇంకో అక్షరం తప్పులేదు. భరించడం అనే bear చూడండి, దాన్ని bare అని రాసినా అలాగే వినబడుతుంది. సరైన పని అనే right చూడండి, దానికీ జోడీ ఉంది. ఆ రెండూ నిక్షేపంగా రాసింది. ఏది తప్పు రాయాలో, ఏది ఒప్పు రాయాలో ఏరుకుంది."

"ఎందుకు?"

"చెప్పి రాయించారు కాబట్టి. నా సర్వీసంతా ఇదే పనండీ. చెప్పేవాడి చెవికి తన మాటే వినబడుతుంది. రాసేవాళ్ల చేతికింద ఏం పడుతోందో కాగితం చూస్తేనే తెలుస్తుంది. ఉత్తరం చెప్పినవాడు అమ్మాయి దగ్గర లేడు. ఫోన్లో చెప్పి, మళ్లీ ఫోన్లోనే చదివించుకుని విన్నాడు. వినడానికి అంతా సవ్యంగానే ఉంది. ఇందాక నేను చేతికిచ్చేదాకా ఆయన ఈ కాగితాన్ని కళ్లతో చూడలేదు."

హేమసుందర్ నవ్వు ఆగిపోయింది.

"ఖురానానా?"

"Principals అని ఊరికే రాసిందా? ఎవరు తీసుకెళ్లారో చెప్పింది. మిగతా మూడూ ఎక్కడుందో చెబుతున్నాయి. ఉక్కు, బరువు, మెట్లు."

లింగయ్య ఒక్క అంగలో దగ్గరికొచ్చాడు. "బరువంటే ధరమ్ కాంటా గావొచ్చు మేడమ్! లారీలను తూకం ఏస్తరు గదా. ఇనుప గోదాముల దగ్గర ఉంటది."

"అవును. హేమసుందర్‌గారూ, రాత్రంతా కమిటీవాళ్ల ఆస్తిపాస్తులు తవ్వే ఉంటారు మీరు. ఖురానాకి ఇనుముతో ఏమైనా సంబంధముందా?"

అతను పంతానికి పోతాడేమోనని ఆమె భయపడింది. అతని దవడ బిగిసింది. అయినా ల్యాప్‌టాప్ తెరిచి, నిమిషం తర్వాత నెమ్మదిగా అన్నాడు: "బావమరిది ఇనుము వ్యాపారి. సాహిబాబాద్ పారిశ్రామికవాడలో గోదాముంది. ఏడాదిగా మూసి ఉంది."

"పోలీసులకి ఫోన్ చెయ్యండి. దారిలోనే చెయ్యొచ్చు, పదండి. ఖురానా ఉత్తరం చూశాడు. మనకి తెలిసింది ఆయనకీ తెలుసు. అమ్మాయిని అక్కణ్ణించి మార్చమని ఈపాటికే చెప్పుంటాడు."

హేమసుందర్ తన కారే తీశాడు. దారిలో పోలీసులతో మాట్లాడాడు, తనకి ఈ పని అప్పగించిన సంస్థకి మెసేజీ పెట్టాడు. లింగయ్య వెనక సీట్లో, పిడికిళ్లు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

పదీ యాభై ఐదుకి ధరమ్ కాంటా బోర్డు కనిపించింది. దాని వెనక రేకుల గోదాము. బయటివైపు నుంచి పై గదికి ఇనుప మెట్లు. గేటు తెరిచే ఉంది. లోపల ఒక టెంపో ఇంజను మీదే ఉంది. బండ మనిషొకడు మెట్ల మీది నుంచి ఒక అమ్మాయిని మోచెయ్యి పట్టుకుని దింపుతున్నాడు.

కారు ఆగకముందే లింగయ్య దూకాడు. పరుగెత్తి వెళ్లి టెంపో ముందు, బంపరుకి మోకాళ్లు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు.

"నడుపు! నా మీదికెళ్లి నడుపు సూస్త!"

డ్రైవరు హారన్ కొట్టాడు. లింగయ్య కదల్లేదు. అప్పుడే పోలీసు జీపు గేటులోకి తిరిగింది. మెట్ల మీదివాడు అమ్మాయి చెయ్యి వదిలేసి వెనకగోడవైపు పరుగెత్తాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు అతని వెంటపడ్డారు. టెంపో ఇంజను చప్పున ఆగింది.

అనూహ్య చివరి మూడు మెట్లూ ఒక్కతే దిగింది. జుట్టు చెదిరిపోయింది, ఒక కాలికి చెప్పు లేదు. తండ్రి భుజం మీద తల పెట్టింది. "బాపూ, నేను పేపర్ అమ్మలే."

"నాకెరుకనే బిడ్డా. నువ్వు జెప్పాల్నా?" అన్నాడాయన. ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో ఉన్న మనిషి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

అన్నపూర్ణేశ్వరి నీళ్ల సీసా అందించింది. సగం తాగాక ఆ పిల్ల, ఎర్రబడ్డ కళ్లతోనే, పరీక్షలో మార్కులు అడిగినట్టు అడిగింది: "నాలుగూ దొరికినయా మేడమ్?"

"నాలుగూ దొరికాయమ్మా. నూటికి నూరు."

అనూహ్య నవ్వింది. మెట్లపక్కన నిలబడ్డ హేమసుందర్ తల దించుకున్నాడు.

అనూహ్య జరిగిందంతా గడగడా చెప్పింది. కమిటీ మీటింగని కారు పంపారు. గోదాము చూసి అనుమానమొచ్చేసరికే గేటు మూశారు. రాత్రి ఫోన్లో ఉత్తరం చెప్పింది ఖురానాయే. కాపలావాడికి ఇంగ్లీషు రాదు. "రెండుసార్లు చదివించుకున్నడు మేడమ్. నేను మంచిగ స్పష్టంగ చదివిన."

"నీ ఫోనేది?"

"సార్ మనిషి పట్టుకుపోయిండు. లాక్ తీయించి మరీ..." చెబుతూ చెబుతూ ఆ పిల్ల ఆగిపోయింది. "అక్షర! మొదటి ప్రూఫ్ అక్షర దగ్గర ఒక్క కాపీ ఉన్నది. మా మెసేజీలన్నీ నా ఫోన్లనే ఉన్నయ్!"

అన్నపూర్ణేశ్వరి అప్పటికే నంబరు నొక్కుతోంది. పదకొండూ ఇరవై ఆరు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. నాలుగో రింగుకి అక్షర ఎత్తింది. వెనక మెట్రో రైలు హోరు.

"జీ ఆంటీ, బోలియే! అనూహ్య దీదీ కా మెసేజ్ ఆయా థా, నేను వాళ్ల దగ్గరికే..."

"అక్షరా, ఇక హిందీ వద్దు. ఇంగ్లీషు వద్దు. తెలుగులోనే మాట్లాడు. నీ పక్కన ఖురానా ఉంటే 'సరే' అను."

రైలు హోరులోంచి చిన్న గొంతు. "సరే ఆంటీ."

ఇంట్లో తెలుగు వింటూ పెరిగి, జవాబులు మాత్రం ఎక్కువగా హిందీలోనే చెప్పే పిల్ల అది.

"భయపడకు. అనూహ్య నా పక్కనే ఉంది, క్షేమంగా ఉంది. ఆ మెసేజీ పెట్టింది అనూహ్య కాదు. నవ్వుతూ మాట్లాడు. మీ అమ్మ ఇవాళ ఏం వండిందో నాకు చెబుతున్నట్టు."

"బెం... బెండకాయ కూర, ఆంటీ."

"బావుంది. ప్రూఫ్ ఉన్న సంచీ ఎక్కడుంది?"

"నా... నా భుజం మీద."

"వచ్చే స్టేషనేది?"

"సుఖ్‌దేవ్ విహార్. పప్పు కూడా... చేసింది."

"విను. తలుపులు తెరుచుకోగానే లేవకు. జనం దిగనీ. మూసుకునే ముందు కీచుమని మోగుతుంది కదా, అప్పుడు లేచి బయటికి దూకు. వెనక్కి చూడకు. యూనిఫాంలో ఎవరు కనబడితే వాళ్ల దగ్గరికి వెళ్లు. అర్థమైందా?"

"అర్థం... అయింది. నాకు ఆకలి లేదు ఆంటీ."

ఫోన్లో బ్రేకుల రాపిడి. స్టేషను పేరు చెప్పే ఆడగొంతు. అడుగుల చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆ గోదాము వాకిట్లో ఐదుగురు ఒక ఫోను చుట్టూ తలలు వంచి నిలబడ్డారు. కీచుమని మోగింది. గుడ్డ రాసుకున్న చప్పుడు, ఖురానా గొంతు "అరే, అక్షరా!" అని పైకి లేచింది. ధన్‌మని తలుపులు మూసుకున్నాయి.

రైలు దూరమైపోయింది. ఆయాసం వినబడింది. ఆపైన ఎవరో గట్టి గొంతుతో ఆడమనిషి, "క్యా హువా బేటా? బైఠో, యహాఁ బైఠో" అంటూ కూర్చోమంది.

"దిగాను ఆంటీ" అంది అక్షర. ఏడుస్తూనే తెలుగు వదల్లేదు. "సార్ లోపలే ఉన్నారు. గార్డ్ ఆంటీ నన్ను పట్టుకున్నారు."

అనూహ్య రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. జీపులో వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టరు పక్కకు వెళ్లి తర్వాతి స్టేషనుకి కబురు పంపడం మొదలుపెట్టాడు.

"శభాష్ తల్లీ. సంచీ తెరిచి చూడు, ప్రూఫ్ ఉందా?"

కాగితాల గలగల. "ఉంది ఆంటీ. కవర్ కూడా ఉంది. దీని మీద అందరి సైన్... సంతకాలు ఉన్నాయి. చూసినవాళ్లవి." ఆ పిల్ల ఆగింది. "ఆంటీ, ముగ్గురివి కాదు. నాలుగు ఉన్నాయి. నాది, దీదీది, ఖురానా సార్‌ది. అందరికంటే ముందు ఇంకొకరిది."

"పేరు చదవగలవా?"

"ఈశ్వర... ఈశ్వరప్రసాద్. రెండో తేదీ."

అన్నపూర్ణేశ్వరికి ఆ పేరు తెలియదు. హేమసుందర్ వైపు చూసింది. అతని ముఖం పాలిపోయి ఉంది.

"పరీక్షల సంస్థ డైరెక్టరు" అన్నాడతను పీలగా. "నన్ను ఈ పనికి పెట్టింది ఆయనే. నిన్నటి నుంచీ గంట గంటకీ ఆయనకే చెబుతున్నాను మేడమ్. ఇక్కడికి వస్తున్నామని కూడా."

అతని చేతిలో ఫోను మోగింది. తెర మీద ఆ పేరే ఉంది. అతను దాన్ని కట్ చెయ్యబోయాడు. అన్నపూర్ణేశ్వరి అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఎత్తండి హేమసుందర్‌గారూ. గోదాము ఖాళీగా ఉందని, అమ్మాయి దొరకలేదని చెప్పండి."